జోయానా, పాలీనా? రీఫ్ ట్యాంకులో రంగుల పాలిప్‌లను గుర్తించడం, పెంచడం

నీలి లైటు కింద పచ్చగా, నారింజగా మెరిసే పగడంలాంటి జీవుల చిన్న గుత్తి ఒకటి ఉందనుకుందాం. ఒక దుకాణంలో దాని పేరు ‘ఈగిల్ ఐ’. ఇంకో దుకాణంలో దాదాపు అలాంటిదే ‘డ్రాగన్ ఐ’ పేరుతో రెట్టింపు ధరకు ఉంటుంది. కొని తెచ్చి ఇంట్లో తెల్ల లైటు కింద పెడితే ఆ మెరుపు సగం కనిపించదు. కొన్ని వారాలు గడిచాక రంగే మారిపోయినట్టు ఉంటుంది. ఈలోగా ఎవరో చెబుతారు, వీటిలో ప్రాణాంతక విషం ఉంటుందని. మరొకరు అదంతా పుకారంటారు.

విశాఖలో ఉప్పునీటి ట్యాంకు కొత్తగా పెట్టుకున్నవారు సాధారణంగా చిక్కుకునేది ఇక్కడే. ఇదేం జీవి, రంగెందుకు మారింది, విషం సంగతి నిజమేనా అన్న మూడు ప్రశ్నలూ కలగాపులగంగా ముందుకొస్తాయి. చిక్కు విప్పడానికి రంగు పనికిరాదు, దుకాణం పెట్టిన పేరూ పనికిరాదు. చేతిలో ఉన్నది జోయాంథస్ ప్రజాతిదా, పాలిథోవా ప్రజాతిదా అన్నది ముందు తేల్చుకోవాలి. మేత సంగతీ, మన భద్రత సంగతీ చాలావరకు దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

పగడాల బంధువే, కానీ అస్థిపంజరం లేదు

ఈ రెండు ప్రజాతులూ చేరే వర్గం జోయాంథిడ్‌లు, వాడుకలో ‘జోయాలు’. ఇవి రాతి పగడాలకూ, సీ అనిమోన్‌లకూ దగ్గరి చుట్టాలు. మూడింటికీ ఆరేసి భాగాల లెక్కన అమరిన శరీర నిర్మాణమే ఆధారం కాబట్టి శాస్త్రవేత్తలు వీటిని హెక్సాకొరాలియా అనే ఒకే వర్గంలో ఉంచారు. రాతి పగడం కాల్షియంతో గట్టి అస్థిపంజరం కట్టుకుంటుంది, జోయాంథిడ్ కట్టుకోదు. అనిమోన్ సాధారణంగా ఒంటరిగా బతుకుతుంది. జోయాంథిడ్‌లలో ట్యాంకుల్లోకి వచ్చేవన్నీ గుంపుగా బతికేవే. గుంపులోని ఒక్కో జీవిని పాలిప్ అంటారు. ఒక పాలిప్ మొదలు నుంచి మొగ్గ తొడిగి మరొకటి వస్తుంది, అన్నింటినీ కింద ఒక కండపొర కలిపి ఉంచుతుంది. దాన్ని అభిరుచి ఉన్నవాళ్లు ‘మ్యాట్’ అంటారు.

పాలిప్ పైన గుండ్రని పళ్లెం, దాని మధ్య చీలికలాంటి నోరు, అంచు చుట్టూ రెండు వరుసల స్పర్శకాలు ఉంటాయి. స్పర్శకాల అంచును ‘స్కర్ట్’ అంటారు. అమ్మేవారు రంగులు వర్ణించేటప్పుడు వాడేవి ఈ మాటలే: పచ్చ స్కర్ట్, నారింజ పళ్లెం, ఊదా నోరు అని.

అస్థిపంజరం లేకపోవడంతో రాతి పగడాల్లా ఇవి కాల్షియాన్ని పీల్చుకోవు. కొత్తవారికి వీటిని సిఫారసు చేయడానికి ఒక కారణం అది.

చేతికి భూతద్దం ఉంటే చాలు

జోయాంథస్‌నూ పాలిథోవానూ వేరు చేసే నమ్మకమైన గుర్తు ఇసుక. పాలిథోవా తన కండలోకి ఇసుక రేణువులనూ ఇతర తునకలనూ లాక్కుని ఇముడ్చుకుంటుంది. అందుకే దాని కాండం, మ్యాట్ గరుకుగా, మురికిగా కనిపిస్తాయి. జోయాంథస్ ఆ పని చేయదు. దాని మ్యాట్ నున్నగా, తోలులా ఉంటుంది.

మిగతావి సాయం చేసే గుర్తులే తప్ప తీర్పులు కావు. పాలిథోవా పళ్లెం సాధారణంగా పెద్దది, రెండు సెంటీమీటర్లు దాటవచ్చు. స్పర్శకాలు ఎక్కువగా, పొడవుగా ఉంటాయి. రొయ్య ముక్క తగలగానే చాలా పాలిథోవాలు చప్పున ముడుచుకుని పట్టుకుంటాయి. జోయాంథస్ చిన్నది, స్పర్శకాలు పొట్టివి, మేత పట్ల అంత ఆత్రం చూపదు.

‘నియాన్ గ్రీన్ జోయా’ అన్న చీటీతో అయిదు పాలిప్‌ల ముక్క ఒకటి వచ్చిందనుకుందాం. ఇలాంటి ముక్కనే ‘ఫ్రాగ్’ అంటారు. పళ్లేలు రెండు సెంటీమీటర్లకు పైనే ఉన్నాయి, అనుమానానికి అది చాలు. పాలిప్‌లు ముడుచుకున్నాక ట్యాంకు అద్దం బయటి నుంచి భూతద్దంతో కాండం చూస్తే తెల్లటి, గోధుమరంగు రేణువులు కండలో పొదిగి ఉన్నాయి. పైన అంటుకున్న మట్టి అయితే పంపు నీటి వేగానికి కొంతైనా కదలాలి, ఇవి కదలడం లేదు. చీటీ మీద ఏమున్నా అది పాలిథోవాయే.

అదే రంగులో మరో ఫ్రాగ్ ఉంది, పళ్లెం ఒక సెంటీమీటరు కూడా లేదు. పరిమాణాన్ని బట్టి జోయాంథస్ అనేయబుద్ధి అవుతుంది. కానీ చిన్న పాలిథోవాలూ, ఇంకా ఎదగని పాలిథోవాలూ ఉంటాయి. మ్యాట్ నున్నగా ఉందని చూసుకున్నాకే ఆ మాట అనడం న్యాయం.

ఈ రెండూ కాక అప్పుడప్పుడు పారాజోయాంథస్ బంధువులు ‘ఎల్లో పాలిప్స్’ పేరుతో వస్తుంటాయి. వాటికీ కండలో ఇసుక ఉంటుంది. వెలుతురు మీద కన్నా మేత మీద ఎక్కువగా బతుకుతాయి కాబట్టి వాటి పెంపకం వేరు.

పేర్ల అంగడి, డీఎన్‌ఏ చెప్పిన సంగతి

‘రస్తా’, ‘అట్టర్ కేయాస్’, ‘పర్పుల్ డెత్’, ‘సన్నీ డి’ లాంటివి జాతుల పేర్లు కావు. ఫలానా రంగుల అమరిక ఉన్న గుంపుకు అమ్మకందారులో పెంపకందారులో పెట్టిన పేర్లు. సువర్ణరేఖ, బంగినపల్లి ఒకే మామిడి జాతిలో రకాలైనట్టే, పది వ్యాపారనామాల వెనక ఒకే జీవజాతి ఉండవచ్చు. మామిడికైతే అంటుమొక్క వంశం తెలుస్తుంది, జోయాలకు ఆ హామీ ఎప్పుడూ ఉండదు.

రంగును బట్టి జాతిని తేల్చబోయి శాస్త్రవేత్తలూ దారి తప్పారు. జపాన్ తీరంలో జోయాంథస్‌లను రంగు, ఆకారాల ఆధారంగా వేర్వేరు జాతులుగా లెక్కిస్తూ వచ్చారు. జేమ్స్ రీమర్ బృందం 2004లో డీఎన్‌ఏ పోల్చి చూసి, నాలుగు జాతులనుకున్నవి నిజానికి ఒకే జాతి అని చూపింది. అది జోయాంథస్ సాన్సిబారికస్, హిందూ మహాసముద్రంలోనూ ఉండే జాతి. ఫొటో చూసి జాతి పేరు చెప్పేవారి మాటను ఇది తెలిసినవారు తేలిగ్గా నమ్మరు.

అలాగని వ్యాపారనామాలు వట్టి మాయ అనడమూ సబబు కాదు. తెలిసిన పెంపకందారు దగ్గర తరాలుగా ముక్కలు చేస్తూ వచ్చిన గుంపుకు పేరుంటే, అది ఏ వెలుతురులో ఎలా పెరిగిందో అడిగి తెలుసుకోవచ్చు. నా మటుకు పేరుకు విలువ ఆ చరిత్ర ఉన్నంతవరకే. చరిత్ర లేని పేరుకు అదనంగా డబ్బు పెట్టడంలో అర్థం కనిపించదు.

రంగు ఎక్కడి నుంచి వస్తుంది, ఎందుకు మారుతుంది

పాలిప్ రంగుకు రెండు మూలాలు. మొదటిది కండలో కాపురముండే సూక్ష్మ శైవలాలు, అంటే జోజాంథెల్లే. ఇవి గోధుమ రంగువి. వెలుతురుతో ఆహారం తయారుచేసి పాలిప్‌కు అందిస్తాయి. రెండోది పాలిప్ తానే తయారుచేసుకునే ఫ్లోరసెంట్ ప్రొటీన్లు. ఇవి నీలి కాంతిని పీల్చుకుని ఆకుపచ్చగానో, పసుపుగానో, ఎర్రగానో తిరిగి వెలిగిస్తాయి. రష్యన్ శాస్త్రవేత్తలు 1999లో జోయాంథస్ నుంచి ఆకుపచ్చ, పసుపు ప్రొటీన్ల జన్యువులను వేరుచేశారు. ఆ ప్రొటీన్లు ఇప్పుడు ప్రయోగశాలల్లో జీవకణాలకు వెలుగు గుర్తులు పెట్టడానికి ఉపయోగపడుతున్నాయి.

దుకాణంలో కనిపించిన మెరుపు ఇంట్లో కనిపించకపోవడానికి కారణం ఇప్పుడు తెలుస్తుంది. అక్కడ దాదాపు 450 నానోమీటర్ల నీలి ఎల్‌ఈడీలు మాత్రమే వెలుగుతుంటే పాలిప్ వెనక్కి పంపే వెలుగే కంటికి ఎక్కువగా తగులుతుంది. తెల్ల లైటు వేయగానే పరావర్తన కాంతి దాన్ని ముంచేస్తుంది. జీవి మారలేదు, చూపించే వెలుతురు మారిందంతే. కొనేముందు ఒక్క నిమిషం తెల్ల లైటు వేసి చూపించమని అడిగితే అసలు రంగు తెలుస్తుంది.

వారాల తర్వాత వచ్చే మార్పు వేరు, అది జీవిలో నిజంగా జరిగేది. వెలుతురు తక్కువైనా, నీటిలో పోషకాలు ఎక్కువైనా శైవలాల సాంద్రత పెరిగి పాలిప్ గోధుమరంగుకు తిరుగుతుంది. వెలుతురు మరీ ఎక్కువైతే పాలిపోతుంది, లేదా ముడుచుకునే ఉంటుంది. కాండం సాగదీసుకుని పైకి లేస్తుంటే వెలుతురు చాలడం లేదని అనుకోవచ్చు. పగడాలకు అందే కాంతిని ‘పార్’ అనే కొలతలో చెబుతారు. చాలా జోయాలు 80 నుంచి 150 పార్ మధ్య బాగుంటాయని పెంపకందారుల అనుభవం. కొత్త ఫ్రాగ్‌ను కింద పెట్టి వారాల మీద పైకి జరపడం ఆనవాయితీ అయ్యింది ఇందుకే.

విషం పుకారు కాదు, అన్నింటిలోనూ ఒకేలా లేదు

పాలిటాక్సిన్‌ను 1971లో మూర్, షోయర్ అనే శాస్త్రవేత్తలు హవాయి దీవుల్లోని ఒక పాలిథోవా నుంచి వేరుచేసినట్టు ప్రకటించారు. మావీ దీవిలోని హానా ప్రాంతపు ప్రజలకు ఆ జీవి ప్రాణాంతకమని అంతకుముందు తరాల నుంచే తెలుసు. ప్రొటీన్లు కాని విషాల్లో మనిషికి తెలిసిన అత్యంత తీవ్రమైన వాటిలో ఇదొకటి.

అది పనిచేసే తీరు అర్థమైతే జాగ్రత్తలకు కారణం తెలుస్తుంది. మన ప్రతి కణం పొర మీదా ఒక పంపు ఉంటుంది. మూడు సోడియం అయాన్లను బయటికి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి పంపుతూ ఉంటుంది. పాలిటాక్సిన్ దానికి అతుక్కుంటే పంపు కాస్తా తెరిచి ఉంచిన గొట్టం అయిపోతుంది. లోపలా బయటా ఉండాల్సిన తేడా కూలిపోతుంది. గుండె, కండరాలు, నరాలు నడిచేదే ఆ తేడా మీద.

ఈ విషం ట్యాంకు నీళ్లలో ఎప్పుడూ నిండి ఉండేది కాదు. ముప్పు వచ్చేది పాలిప్‌ను కోసినప్పుడు, నలిపినప్పుడు, గీకినప్పుడు, ముఖ్యంగా వేడి చేసినప్పుడు. రాతి నిండా అక్కర్లేని పాలిప్‌లు పెరిగాయని మరిగే నీళ్లు పోసి, ఆ ఆవిరి పీల్చినవారు ఆసుపత్రి పాలైన సంఘటనలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అమెరికాలోని అలాస్కాలో 2012–14 మధ్య అక్వేరియం దుకాణాల్లోనూ ఇళ్లలోనూ ఇలాంటి అనుమానిత కేసులను అక్కడి ఆరోగ్య అధికారులు నమోదు చేశారు. చేదు లోహపు రుచి, దగ్గు, ఆయాసం, జ్వరం, ఒళ్లునొప్పులు వాటి లక్షణాలు. కంట్లో చిమ్మితే కార్నియా దెబ్బతింటుంది. విరుగుడు మందు లేదు, లక్షణాలను బట్టే చికిత్స. మామూలు జ్వరంలా కనిపించే దీన్ని వైద్యుడు ఊహించడం కష్టం కాబట్టి, పాలిథోవా కోశామని రోగి చెప్పడమే అక్కడ అతి ముఖ్యమైన సమాచారం.

అయితే ‘జోయాలన్నీ విషమే’ అనేవారి మాట ఎంతవరకు నిజం? అమెరికాలో దుకాణాల నుంచి నమూనాలు కొని పరీక్షించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో కొన్ని పాలిథోవాల్లో విషం చాలా ఎక్కువగా ఉంది, మరికొన్నింటిలో తక్కువ. జోయాంథస్ నమూనాల్లో దాదాపు లేదు. కాబట్టి పాతికేళ్లు వట్టి చేతులతో జోయాలు కోశాను, ఏమీ కాలేదనే అనుభవజ్ఞుడూ అబద్ధం చెప్పడం లేదు, ఆసుపత్రి పాలైన కుటుంబమూ అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల చేతుల్లో ఉన్నవి వేర్వేరు ప్రజాతులు అయ్యుండవచ్చు. కంటితో చూసి ఏ పాలిథోవాలో ఎంత విషముందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఏ జోయాంథిడ్‌ను కోసినా గ్లౌజులు, కళ్లద్దాలు ఉండాలనీ, కోత నీళ్లలో ముంచి పదునైన బ్లేడుతో జరగాలనీ, ఆ రాళ్లకు ఎప్పుడూ వేడి తగలకూడదనీ పరిశోధకులూ అనుభవం ఉన్న పెంపకందారులూ అంటారు. వాడిన పనిముట్లను బ్లీచ్ ద్రావణంలో నానబెడితే ఈ విషం విరిగిపోతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ విభాగంలోని ప్రతి మాటా రెట్టింపు బరువుతో చదువుకోవాలి.

విశాఖ నీళ్లు, విశాఖ ఎండ

సముద్రం ఇంటి ముందే ఉండగా ఉప్పు ప్యాకెట్లు కొనడం ఎందుకన్న ప్రశ్న ఇక్కడివారికి సహజం. ట్యాంకులో జోయాలకు కావలసింది దాదాపు 35 పీపీటీ లవణీయత, అంటే కిలో నీటికి 35 గ్రాముల ఉప్పు. వేసవిలో విశాఖ తీరపు నీరు దానికి దగ్గరగానే ఉంటుంది. వానాకాలం తర్వాత పరిస్థితి వేరు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది తెచ్చిన మంచినీటిని తీరం వెంబడి ప్రవాహం అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో దక్షిణానికి మోసుకొస్తుంది. పైపొర బాగా పలచబడుతుంది.

ఉదాహరణకు నవంబరులో తెచ్చిన 20 లీటర్ల నీటిని లవణీయత కొలిచే రిఫ్రాక్టోమీటరు 26 పీపీటీ అని చూపితే, లీటరుకు 9 గ్రాముల లెక్కన సుమారు 180 గ్రాముల రీఫ్ సాల్ట్ కలిపితే గాని అది 35కు రాదు. ఆ నీళ్లు కొలవకుండా పోసినవారు పాలిప్‌లు ముడుచుకున్నాయని వేరే కారణాలు వెతుక్కుంటారు. లవణీయత సరిచేసినా నగరపు కాలువలు, రేవు దగ్గరి కాలుష్యం సరికావు. దూరం నుంచి పడవ మీద తెప్పించిన నీరు బాగుంటుందని వాదించేవారున్నారు. ఆర్‌ఓ నీళ్లలో కలుపుకున్న ఉప్పే స్థిరంగా ఉంటుందని మరికొందరి వాదన. రెండింటిలోనూ నిజముంది, ఖర్చూ శ్రమా తూచుకోవలసినవే. చిన్న ట్యాంకుకు మాత్రం రెండోదే తక్కువ తలనొప్పి అని నా అభిప్రాయం.

ఎండ సంగతి ఇంకా కష్టం. జోయాలకు 24 నుంచి 27 డిగ్రీలు హాయి. మే నెలలో మన గదుల వేడికి లైట్లు, పంపుల వేడి తోడైతే ట్యాంకు 31 దాటడం వింత కాదు. నీటి మీద ఫ్యాను పెడితే ఆవిరై చల్లబడుతుంది, కానీ తీరపు గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటుంది కాబట్టి హైదరాబాదులో పనిచేసినంత బాగా ఆ చిట్కా ఇక్కడ పనిచేయదు. పైగా ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. 100 లీటర్ల ట్యాంకులో 35 లెక్కన 3,500 గ్రాముల ఉప్పుంది. రోజుకు 3 లీటర్లు ఆవిరైతే రెండు రోజులకు 94 లీటర్లు మిగులుతాయి, లవణీయత 37 దాటుతుంది. తగ్గిన మేరకు ఉప్పు నీళ్లు పోస్తే ఇంకా పెరుగుతుంది. పోయాల్సింది మంచినీళ్లు. గది ఏసీ, నీళ్లను చల్లబరిచే ట్యాంకు చిల్లర్ ఈ చిక్కు తప్పిస్తాయి, కరెంటు ఉన్నంతసేపు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకాక నగరం రోజుల తరబడి చీకట్లో ఉన్న సంగతి ఇక్కడెవరూ మరిచిపోలేదు. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు విశాఖ ట్యాంకుకు విలాసం కాదు.

శుభ్రమైన నీళ్లా, మురికి నీళ్లా?

జోయాలకు ‘డర్టీ వాటర్’ ఇష్టమన్న మాట బాగా వినిపిస్తుంది. ఆ మాటకు మూలం ఇది: నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు దిగిన ట్యాంకుల్లో శైవలాలకు పోషకాలు చాలక పాలిప్‌లు చిక్కిపోతాయి. నైట్రేట్ 5 నుంచి 15 పీపీఎమ్ (పది లక్షల్లో అన్ని వంతులు), ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎమ్ మధ్య చాలామందికి మంచి ఫలితాలు వచ్చాయి. అంటే కావలసింది కొలిచి ఉంచిన పోషకాలు. కుళ్లిన మేత, పట్టించుకోని ఫిల్టరు కాదు.

మేత పెట్టాలా వద్దా అన్న వాదం ప్రజాతి దగ్గరికొచ్చి తేలిపోతుంది. పాలిథోవాకు సన్నగా తరిగిన రొయ్య పెడితే ఎదుగుదల కంటికి కనిపిస్తుంది. జోయాంథస్‌కు ప్రధానంగా వెలుతురే ఆహారం, అతి మెత్తటి పొడి మేత కొంత సాయం.

వీటిని తినేవి వచ్చేది దాదాపు ఎప్పుడూ కొత్త ఫ్రాగ్‌తోనే. జోయాలను తినే న్యూడిబ్రాంక్ (గవ్వ లేని సముద్రపు నత్త) తాను తిన్న పాలిప్ రంగులోకే మారుతుంది కాబట్టి ఎదురుగా ఉన్నా కనిపించదు. అయోడిన్ ద్రావణంలో ఫ్రాగ్‌ను ముంచితే అది రాలిపోయినా గుడ్లు మిగిలిపోతాయి. గీతల గవ్వతో ఉండే హీలియాకస్ నత్త కూడా జోయాంథిడ్‌ల మీదే బతుకుతుంది.

ఎదుగుదల లెక్క, ధర లెక్క

అయిదు పాలిప్‌ల ఫ్రాగ్ మూడు నెలలకు రెట్టింపయ్యే రకమనుకుందాం. పది, ఇరవై, నలభై అవుతూ ఏడాదికి 80 అవుతాయి. ఏడాదికి ఒక్కసారే రెట్టింపయ్యే రకమైతే అదే సమయానికి 10 ఉంటాయి. అరుదైనవని పేరుపడి ఖరీదు పలికేవాటిలో చాలావాటి ధరకు అందం ఎంత కారణమో ఈ మందకొడితనమూ అంతే కారణం. ఈ లెక్కకు మరో వైపూ ఉంది. త్వరగా పెరిగే రకాన్ని ప్రధాన రాతి మీదే అతికిస్తే రెండేళ్లలో పక్క పగడాల మీదికి పాకుతుంది. అప్పుడు దాన్ని తొలగించాలంటే గీకాలి, అది పాలిథోవా అయితే విషం దగ్గరికే మళ్లీ వచ్చినట్టు. విడి రాతి మీద, చుట్టూ ఇసుక ఖాళీతో ఉంచిన గుంపుకు ఆ అవసరం రాదు.

మన రాళ్ల మీద ఉన్నవాటిని తెచ్చుకోవచ్చా?

సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడు విశాఖ రాతి తీరంలో జోయాంథిడ్‌లు పరుపుల్లా పరుచుకుని కనిపిస్తాయి. గోధుమ, బూడిద, పచ్చ రంగుల్లో ఉంటాయి. ఎండ, తక్కువ ఉప్పు, అల తాకిడి అన్నీ తట్టుకున్నవి. అంత గట్టి జీవిని ఇంటికి తెచ్చుకుంటే తప్పేమిటని అడిగేవారున్నారు. ఇవి వేగంగా వ్యాపించి ఇతర జీవుల చోటు ఆక్రమిస్తాయనే వాదనా ఉంది. ఆ మాటలో కొంత వాస్తవం ఉంది కూడా. కానీ అదే పరుపు మధ్య చిన్న పీతలు, నత్తలు, పురుగులు బతుకుతుంటాయి.

చట్టం దగ్గర చిక్కు సూక్ష్మమైనది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో 2001లో చేర్చినవి రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, సీ ఫ్యాన్‌లు, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ కోరల్. జోయాంథిడ్‌లు ఆ గుంపుల్లోకి రావు. అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ జాబితాల్లోనూ లేవు. అయితే జోయాంథిడ్ గుంపును రాతి నుంచి శుభ్రంగా ఊడదీయడం సాధ్యం కాదు, రాయి పెళ్లగించాల్సిందే. విశాఖ తీరంలో రాతి పగడాలూ ఉన్నాయి. ఆ రాతి మీద గోరంత రాతి పగడం అంటి ఉన్నా అది రక్షిత జీవే, తెలియక తెచ్చామన్నది జవాబు కాదు. పైగా తీరంలో రాయి పగలగొట్టే చోట ఉన్నది పాలిథోవా అయితే, కళ్లద్దాలు లేకుండా సుత్తి దెబ్బకు చిమ్మే నీళ్ల ముందు వంగి ఉంటాం. ఇంకొకరి ట్యాంకులో పెరిగి, ఏ ప్రజాతిదో తెలిసి చేతులు మారే ఫ్రాగ్‌తో ఈ రెండు ఇబ్బందులూ ఉండవు.